తువ్వాల కింది బేరం

మా ఆయన పాపను కల్లు దుకాణంలో మరచి ఇంటికి వచ్చిన సాయంత్రం నుంచి నేను పిల్లను ఆయన చేతికి ఇవ్వలేదు. ఇంకా నడక రాని పిల్ల. వాకిట్లో తిప్పుకొస్తానని ఎత్తుకుపోయిన మనిషి ఒట్టి చేతులతో తూలుతూ వచ్చాడు. వెనకాలే, దుకాణం ముందు గుడాలమ్మే అవ్వ పాపను చంకనేసుకొని వచ్చింది. పాప గుప్పిట్లో ఆ గుడాల్లోని ఉడికిన శనగ ఒకటి నలిగి ఉంది.

"నవ్వుతనే ఉన్నది బిడ్డ. నువ్వేడ్వకమ్మా," అన్నది అవ్వ.

మేమప్పుడు వనపర్తిలో ఉండేవాళ్ళం. ఆయన కచేరీలో గుమాస్తా. మంచివాడే. తాగని రోజు పాపకు జోల కూడా ఆయనే పాడేవాడు. మంచివాడు కాకపోతే నాకు తేల్చుకోవడం తేలికయ్యేది. దసరాకు మా అన్న హైదరాబాదు నుంచి వస్తాడని, తాగుడు ఆగకపోతే పాపను తీసుకొని అన్నతో పుట్టింటికి పోతానని చెప్పేశాను. ఆయన తల వంచుకొని విన్నాడు. నాలుగు రోజులకే మళ్ళీ తాగాడు.

నేను కాలేజీలో చదివిన పుస్తకాల్లో తాగుడు మానమని చెప్పినవాళ్ళు ఉన్నారు గాని, మానినవాడు మర్నాడు సాయంత్రం ఎక్కడ కూర్చోవాలో చెప్పినవాళ్ళు లేరు. అది చెప్పింది మాకు పాలు పోసే ఆమె.

"పెబ్బేరు సంతల తాగుడిడిసిన మొగోళ్ళు జమైతరమ్మా. మా ఇంటాయన ఆడికే పోతడు."

"సంతలనా? అందరు తాగేదే ఆడ గద."

"గందుకే ఆడ. ఎద్దు అమ్మినా కొన్నా, బేరం మీద కల్లు తాగాలె గద. ఆ గండం దాటితే వారం దాటినట్టే."

మా ఆయన ముందు ఒప్పుకోలేదు. "పశుల సంతల నేను కూసోవాల్నా? కచేరిల తెలిస్తే నవ్వుతరు."

"కల్లు దుకాణంల కూసుంటే నవ్వుతలేరా?" అన్నాను.

సంత నాడు ఒంట్లో బాగాలేదని కచేరీకి సెలవు పెట్టాడు. అది అబద్ధమూ కాదు. బండి కట్టించుకొని పోయాం.

ఎద్దుల గిట్టలకు నాడాలు కొట్టే చోటు పక్కన, వేపచెట్ల నీడలో పదిమంది దాకా కూర్చున్నారు. ఎక్కువమంది రైతులు, ఒక దర్జీ. వాళ్ళకు పెద్ద, ఎద్దుల బేరాలు కుదిర్చే ముసలి సాయెబు. నేనూ పాలామే పాపతో బండి చాటున కూర్చున్నాం. మాటలు వినబడుతున్నాయి.

సంతలో ఎద్దు ధర పైకి చెప్పరు. అమ్మేవాడూ కొనేవాడూ తువ్వాల కింద చేతులు కలిపి వేళ్ళతోనే మాట్లాడుకుంటారు. వీళ్ళ పద్ధతీ అదే. ఒక్కొక్కరు వచ్చి సాయెబు తువ్వాల కింద చెయ్యి పెడతారు. అరచెయ్యి పరిస్తే తాగకుండా వారం గడిచినట్టు. వేలు పట్టుకుంటే మళ్ళీ తాగినట్టు. ఎవరిది ఏదో మిగతావాళ్ళకు తెలియదు. తర్వాత చెప్పుకోవాలనిపించినవాడు నోరు విప్పుతాడు, తక్కినవాళ్ళు వింటారు.

ఆ చేతులు చూసి దారిన పోయే రైతొకడు ఆగాడు. "ఏ ఎద్దుదే బేరం?"

"ముసలెద్దుది. పండ్లు జూస్తవా?" అని దర్జీ తన నోరు తెరిచాడు. అందరూ నవ్వారు. మా ఆయనా నవ్వాడు. తాగకుండా నలుగురిలో ఆయన నవ్వగా చూసి చాలా రోజులైంది.

ఆయన వంతు రాగానే లేచి నిలబడి, అర్జీ చదివినట్టు, ఈ జన్మలో ముట్టనని ప్రమాణం మొదలుపెట్టాడు.

"కూసో బాబూ," అన్నాడు సాయెబు. "సంతల జన్మకు బేరం ఉండదు. మళ్ళ సంత దాక చెప్పు, చాలు."

ఆయన కూర్చొని తువ్వాల కింద చెయ్యి పెట్టాడు.

ఆ తర్వాత ప్రతి సంతకూ పోయాం. ఆ చెయ్యి ఏం చెబుతున్నదో తెలియక నాకు అన్నం సహించేది కాదు. ఒకనాడు బండి దగ్గరికి నీళ్ళకు వచ్చిన సాయెబును అడిగేశాను. "బిడ్డ కోసం అడుగుతున్న తాతా. ఈ వారం ఏం చెప్పిండు?"

"అమ్మేటప్పుడు ఎద్దుకే చెప్పం బిడ్డా, నీకెట్ల చెప్త?" అని నవ్వబోయి, నా ముఖం చూసి ఆగాడు. "పరేషాన్ గాకు. నా చెయ్యి గూడ దర్జీ తువ్వాల కిందికి పోతది. పోయిన వారం వేలు పట్టిన. నాది గాబట్టి చెప్పిన. ఆయనది ఆయనే చెప్పాలె."

అందరికీ పెద్ద అయిన మనిషే మళ్ళీ తాగాడని వినేసరికి నా ధైర్యం సగం పోయింది. తాగి కూడా ముఖం దాచుకోకుండా వచ్చి కూర్చున్నాడు కదా అని ఇంటికి చేరాక తోచింది.

దసరా ముందు మా అన్న వచ్చాడు. మా గొడవంతా విని, బట్టలు సర్దుకోమన్నాడు. సర్దుతున్నాను. అరుగు మీద కూర్చున్న మా ఆయన లోపలికి వచ్చి, అన్న ఎదుటే అన్నాడు: "పోయిన వారం తాగిన. తువ్వాల కింద చెప్పిన, నీకు చెప్పలే. ఇప్పుడు చెప్తున్న."

"ఇంకేం కావాలె చెల్లె? నడువు," అన్నాడు అన్న.

అంతవరకు నేను ఆయన దగ్గర వాసన చూసి అనుమానపడడమే గాని, అడగకుండా ఆయన చెప్పడం అదే మొదలు. చెప్పినంత మాత్రాన పాపను ఇంకెప్పుడూ మరచిపోడన్న నమ్మకం నాకు కలగలేదు. ఇన్నేళ్ళకూ పూర్తిగా కలగలేదు. కానీ తాగింది తాగానని చెప్పే మనిషైతే, పాపను ఏ పూట ఇవ్వాలో, ఏ పూట ఇవ్వకూడదో నాకు తెలుస్తుంది.

"సంత ఎల్లుండే. అందాక ఉండన్నా," అన్నాను.

అన్న విసుక్కుంటూ చెప్పులు విడిచాడు.

"ఈ పొద్దు తాగలే," అని మా ఆయన చేతులు చాపాడు. పాపను ఆయన ఒళ్ళో పెట్టాను. పెట్టి, పక్కనే కూర్చున్నాను. పొయ్యి మీద అన్నం మాడు వాసన వచ్చినా లేవలేదు.