జేబుల డ్రెస్సు, ముంతాజక్క బురఖా

ఆమధ్య మా నాయన బస్సులో లేచి నాకు సీటిచ్చినాడు. సొంత కూతురికి కాదు, ఎవరో తెలీని ఆడమనిషికి ఇస్తాండా అనుకున్నాడు. "కూచో తల్లీ" అని, పక్కన కూచున్న ఆయన్ను గూడా లేపి మరీ ఇచ్చినాడు. ఆ తెలీని ఆడమనిషిని నేనే. ఎట్లయిందో మొదట్నుంచి చెప్తా, టీ తాగతా వినండి. నవ్వేది మాత్రం చివర్లో నవ్వండి.

నేను తాడిపత్రిలో ఒక రాళ్ళ పాలిషింగ్ ఫ్యాక్టరీ ఆఫీసులో పని చేస్తాండా గదా. బిల్లులు కొట్టేది, లారీ యాడుందో ఫోన్ చేసి కనుక్కునేది, కొనేకి పార్టీలొస్తే యార్డులోకి తీసకపోయి రాయి చూపించేది, ఇదీ నా పని. మా ఊరి పేరే యాడికి, ఆడ్నుంచి రోజూ బస్సులో పోయొస్తా.

చేరిన కొత్తలో నాకు ఆఫీసు బట్టలంటే ఏమో తెలీదు. పెండ్లికి కట్టుకునే వాటికన్నా ఒక మెట్టు తక్కువుంటే ఆఫీసు బట్టలు అనుకున్నా. మా పిన్నమ్మ తెచ్చినవి, పండక్కి కుట్టించినవి, అన్నీ మెరిసేవే. మెడ దగ్గర పూసలు గీరుకుంటాయి. లోపలి లైనింగు చెమట పీల్చదు. మెడ వెడల్పు కాబట్టి వంగితే ఒక చెయ్యి అక్కడ పెట్టుకోవాల. పక్కన కట్‌లు పైదాకా ఉంటాయి కాబట్టి యార్డులో గాలి లేస్తే ఇంకో చెయ్యి ఇక్కడ పెట్టుకోవాల. మన పక్క గాలి సంగతి మీకు తెలుసు, అది ఎవర్నీ అడిగి రాదు. ఇంక రాయి చూపించేకి మూడో చెయ్యి యాడ్నుంచి తెచ్చేది? సారు నాకు జీతం బిల్లులు కొట్టేకి ఇస్తాండాడో, చున్నీ సర్దుకునేకి ఇస్తాండాడో నాకే అనుమానం వచ్చేది.

మా ఆఫీసులో అకౌంట్స్ చూసేది ముంతాజక్క. నాకన్నా పెద్దది, శానా ఏండ్ల నుంచి ఈడనే ఉండాది. వచ్చేటప్పుడు బురఖాలో వస్తుంది, రాగానే దాన్ని తీసి తలుపు ఎనకాల మేకుకు తగిలిస్తుంది. లోపల వదులుగా నూలు కుర్తా, మోచేతి కిందిదాకా చేతులు, లేత రంగులు. ఒక్క మెరుపుండదు. కానీ ఆ మనిషి నడిచొస్తే గుమాస్తాలు మాట్లాడేది ఆపి చూస్తారు, అట్లుంటుంది ఆమె తీరు. లారీ డ్రైవర్లతో గొడవ పడుతుంది, కింద కూచోని పాత ఫైళ్ళు తీస్తుంది, స్టూలెక్కి బీరువా పైన వెతుకుతుంది, మళ్ళా వచ్చి కుర్చీలో కూచుంటుంది. రోజంతా ఒక్కసారి గూడా బట్ట సర్దుకోదు. నేను అదే చూస్తా కూచునేదాన్ని. ఒక్కోసారి బిల్లు తప్పు కొట్టేది గూడా దానివల్లనే.

ఒకరోజు ఉండబట్టలేక అడిగినా, అక్కా, నీకు ఇట్ల ఎట్ల కుదురుతుందని. ఆమె సాయంత్రం నన్ను బజార్లో ఒక శెట్టిగారి బట్టలంగడికి తీసకపోయింది. శెట్టి నన్ను చూడగానే మెరిసే గుడ్డలే పరిచినాడు. అక్క వాటిని పక్కకి జరిపి, లోపల అరలో ఉండే నూలు గుడ్డలు తీయించింది. ఒకదాన్ని గుప్పిట్లో నలిపి చూసింది. వెలుతురుకు ఎత్తి పట్టుకోని, అవతల నా చెయ్యి కనపడుతుందా లేదా చూసింది. చివరికి పొగాకు రంగులో, సన్న చుక్కలుండే గుడ్డ నా చేతిలో పెట్టి ఒక మాట చెప్పింది.

"కుట్టించినాక వేసుకోని కూచోని చూడు, వంగి చూడు, చేతులెత్తి చూడు. వేసుకున్న సంగతి నువ్వే మర్చిపోవాల. అదీ ఆఫీసు డ్రెస్సంటే."

ఇంత మంచి మాట చెప్పింది గదా, నేను ఆ మాట దగ్గర ఆగిపోయుంటే ఈ కథే లేదు. కానీ నా బుర్రలో ఇంకో ఐడియా ఉండె. జేబులు. ఫోను ఒక చేతిలో, తాళాలు ఇంకో చేతిలో పట్టుకోని తిరిగి తిరిగి విసుగొచ్చింది. అందుకని మా వీధి టైలరమ్మకు చెప్పినా, రెండు పక్కలా జేబులు పెట్టు, పెద్దవి పెట్టు, బయటికే పెట్టు అని. ఆమె వద్దనింది. లోపలి పక్క కుడితే అందంగా ఉంటుంది, బయట పెడితే నోరు తెరుచుకోని ఉంటాయి అనింది. నేను వినలా. ఫోను, తాళాలు, పర్సు, మధ్యాన్నం తినే చెనక్కాయల పొట్లం, అన్నీ పట్టాల అని మొండికేసినా. నేనెంత అడిగినానో ఆమె అంతకన్నా పెద్దవే పెట్టింది. కోపంతో పెట్టిందేమో అని నాకిప్పుడు అనుమానం.

డ్రెస్సు మాత్రం అద్భుతంగా వచ్చింది. మెడ మూసుకోని, చేతులు వదులుగా, మోకాలు దాటి కిందికి. కూచున్నా, వంగినా, చేతులెత్తినా. నిజంగానే వేసుకున్నట్టే లేదు. పొద్దున మా నాయన అరుగు మీద కూచోని బీడీ కాలుస్తాండాడు. ఎట్లుంది నాయనా అని అడిగితే పైనుంచి కిందిదాకా చూసి, జేబుల దగ్గర ఆగినాడు.

"ఏం పాపా, రెండు పక్కలా సంచులు కట్టుకున్నావే" అన్నాడు. అంతే. మా నాయన పొగడ్త అంటే ఇంతకు మించి నేనెప్పుడూ ఎరగను.

ఆఫీసులో మాత్రం మంచి పేరొచ్చింది. ముంతాజక్క చుట్టూ తిరిగి చూసి, గుడ్డకు తగ్గ కుట్టు పడిందని మెచ్చుకుంది. ఆరోజు నేను యార్డులో రాణి మాదిరి తిరిగినా. రెండు చేతులూ ఖాళీ. గాలి వచ్చింది, పోయింది, నేను పట్టించుకోలా.

మధ్యాన్నం బెంగుళూరు పార్టీ వచ్చింది. పెద్ద పార్టీ, కొత్తగా ఏదో హోటల్ కడతాండారంట. వాళ్ళు మాతో కలిస్తే ఏడాదంతా పని ఉంటుందని సారు పొద్దున్నుంచి కాలు నిలవకుండా తిరుగుతాండాడు. రాయి చూపించే పని నాకే అప్పజెప్పినాడు. నేను ఉత్సాహంగా శాంపిళ్ళ రూము నుంచి హాల్లోకి వస్తాండా. ఆ రూము తలుపుకు పొడుగ్గా ఒక ఇనుప హ్యాండిల్ ఉంటుంది. నేనేమో వేగంగా పోతాండా, నా జేబేమో నోరు తెరుచుకోని వస్తాండాది. పోయి పోయి ఆ హ్యాండిల్‌కు తగులుకుంది.

నేను ముందుకు పోయినా. జేబు ఆడనే ఉండిపోయింది.

పర్రుమని శబ్దం. నడుం దగ్గర్నుంచి కిందిదాకా పక్క కుట్టంతా విచ్చుకుపోయింది. అక్క ఎంచిన గుడ్డ గట్టిది, అది చినగలేదు. కుట్టే విడిపోయింది. అయినా చూసేవాళ్ళకు ఆ తేడా తెలుస్తుందా? ఎదురుగా బెంగుళూరు వాళ్ళు, సారు, అందరూ నిలబడుకోని నా పక్కే చూస్తాండారు. చేతికి దొరికింది గోడకు ఆనించిన ఒక శాంపిల్ రాయి. దాన్ని తీసి నడుం పక్కకు అడ్డంగా పట్టుకున్నా. బూడిద రంగులో ఆకుపచ్చ మచ్చలుండే రాయి. ఆ రకం ఎవరూ అడగరు, దాని పలకలు ఎప్పట్నుంచో యార్డు మూలన పడుండాయి.

ఆ బరువు మోసుకోని నేను పీత మాదిరి అడ్డంగా నడుస్తా రాళ్ళ గురించి చెప్తాండా. వాళ్ళేమో నేను వేరే రాళ్ళు చూపిస్తాంటే వాటిని చూడరు, నా నడుం దగ్గరుండే రాయినే చూస్తారు. అందులో పెద్దాయన దాన్ని ఒకసారి చేతికిమ్మని అడిగినాడు. నేను ఇయ్యనన్నా. ఇది స్పెషల్ సార్, చేతికియ్యం అన్నా. సారు మొహంలో రంగు మారింది.

అప్పుడొచ్చింది ముంతాజక్క. నా మొహం చూసింది, రాయి చూసింది, హ్యాండిల్‌కు వేలాడే నా జేబు చూసింది. వాళ్ళ దగ్గరికి పోయి, టీ వచ్చింది సార్, చల్లారిపోతుంది, ఆ రాయి పెద్ద పలకలు యార్డులో ఉన్నాయి, టీ తాగి పోయి చూద్దామని నిదానంగా చెప్పి సారు రూములోకి పంపించింది. టీ ఇంకా పొయ్యి మీదే ఉండె. పోతా పోతా హ్యాండిల్‌కు ఉండే జేబును తీసి గుప్పిట్లో దాచుకుంది. నన్ను ఫైళ్ళ రూములోకి తోసి, తలుపు మూసినాక, అప్పుడు నవ్వింది. గోడ పట్టుకోని నవ్వింది.

తర్వాత పిన్నులు తెచ్చి లోపల్నుంచి పెట్టి, మేకుకుండే తన బురఖా తీసి నా మీద వేసింది. మరి నీకు అన్నా. వాళ్ళాయనకు ఫోన్ చేస్తే ఇంకోటి తెచ్చిస్తాడనింది, ఇల్లు పక్క వీధే గదా. ఆ మనిషి మీద నాకెంత గౌరవమో అప్పుడే చెప్పాలనుకున్నా, ఏడుపొస్తాదేమో అని బురఖా సర్దుకునేదాంట్లో పడినా. పార్టీని యార్డులోకి ఆమే తీసకపోయింది. ఆ మూలన పడిన రాయే వాళ్ళకు కావాలంట. ఇయ్యనన్నందుకు ఇంకా గట్టిగా కావాలనిపించిందంట.

సాయంత్రం బస్టాండుకు పోయినా. మా ఊరి బస్సులో అందరూ తెలిసినోళ్ళే. ఏమైంది, ఎందుకు ఇట్ల అని అడిగితే ఎవరికని చెప్పేది? అందుకని మొహం గూడా కప్పుకోనే ఎక్కినా. బస్సు కిక్కిరిసి ఉండాది. ముందు సీట్లో చూస్తే మా నాయన. బోరు మోటారు రిపేరుకు ఇచ్చేకి వచ్చినాడని అప్పుడు గుర్తొచ్చింది. నన్ను చూసి లేచి నిలబడినాడు. పక్కాయన్ను గూడా లేపినాడు. "కూచో తల్లీ" అన్నాడు. అందరి ముందర నేనే అని చెప్పలేక కూచున్నా. పక్కన ఇంకో ఆమె కూచుంది.

మా నాయన నా పక్కనే కమ్మీ పట్టుకోని నిలబడి, ఆ లేచినాయనతో మాటల్లో పడినాడు. ఇద్దరూ పాత పరిచయంలాగుండాది. ఆయన పిల్లల సంగతి అడిగినాడు. మా నాయన మొదలుపెట్టినాడు చూడండి. మా పాప ఆఫీసులో చేస్తుంది, బెంగుళూరు నుంచి వచ్చేవాళ్ళకు గూడా ఆ పాపే సమాధానం చెప్పాల అన్నాడు. బస్సులో పోయి బస్సులో వస్తుంది, ఒక్కరోజు గూడా కష్టమనదు అన్నాడు. నేను కిటికీ పక్కకు తిరిగినా. అంతటితో ఆపినాడా?

"ఈరోజు కొత్త డ్రెస్సు వేసుకోని పోయిందప్పా. ఒక మెరుపు లేదు, ఒక తళుకు లేదు. కండ్లకు చల్లగా ఉండె. ఆ పాప అట్ల నడిచిపోతాంటే, ఎవురో పెద్దాఫీసరు మా ఇంట్లోంచి పోతాండట్లుండె."

ఆ డ్రెస్సు అప్పుడు బురఖా కింద పిన్నుల మీద నిలబడుండాది. నాకు నవ్వొస్తాందో ఏడుపొస్తాందో తెలీలేదు. నా కండ్ల ముందర మా నాయన నా గురించి ఇట్ల మాట్లాడేది పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి. ఇప్పుడు నేనే అని చెప్తే ఆపేస్తాడు. చెప్పకపోతే మోసం. ఇంకొంచెం విని చెప్దాంలే అనుకున్నా, నిజం చెప్తాండా.

అంతలో ఆయనకేం గుర్తొచ్చిందో, పాప బస్సెక్కిందో లేదో కనుక్కుంటానని ఫోన్ తీసినాడు. నా బ్యాగులో ఫోను మోగింది. నేను బ్యాగులో చెయ్యి పెట్టి తడుముతాండా, అది దొరకదు, మోగేది ఆపదు. ఆయన ఫోన్ కట్ చేసినాడు. నాది ఆగింది. మళ్ళా చేసినాడు. మళ్ళా మోగింది. ఆయన తల వంచి నా కండ్లలోకి చూసినాడు.

"నాయనా, నేనే" అన్నా చిన్నగా.

ఆయన ఏమైంది అని అడిగితే, జేబు ఊడిందని చెవిలో చెప్పినా. తలూపినాడు. తర్వాత కమ్మీ ఇంకో చేతికి మార్చుకోని అన్నాడు.

"ముందే చెప్పుండొచ్చు గదా. అంతసేపు పొగిడేవాన్ని కాదు."

మరుసటి రోజు బురఖా ఉతికి, ఇస్త్రీ చేసి ముంతాజక్కకు ఇచ్చినా. జరిగింది చెప్తే, ఇది ఇంకో రెండు రోజులు ఉంచుకోపోయినావా, ఇంకా ఏమేం చెప్పేవాడో అనింది. డ్రెస్సు టైలరమ్మ మళ్ళా కుట్టింది, ఈసారి లోపలి జేబులు. నాకిప్పుడు అట్లాంటివే నాలుగుండాయి.

మా నాయన మాత్రం మళ్ళా ఒక్క మాట పొగడలేదు. నాకేమో ఆ రుచి నాలిక్కి అంటుకోనిపోయింది. అందుకని ఆయన తాడిపత్రికి వచ్చిన రోజు, దుమ్ముకని చెప్పి మొహానికి చున్నీ చుట్టుకోని, ఆయన ఎనక సీట్లో పోయి గమ్మున కూచుంటాండా. ఇంతవరకు చెనక్కాయల రేటు, వాన పడనిది, బోరులో నీళ్ళు దిగిపోయినది, ఇవే వినబడతాండాయి. అయినా ఓపిగ్గా వింటాండా. నిన్న గూడా అట్లనే చెవులు రిక్కించుకోని కూచున్నా. యాడికి వస్తాందనంగా ఆయన ఎనక్కి తిరక్కుండానే అన్నాడు.

"ఊరొచ్చింది, ఇంక చున్నీ తీసెయ్ పాపా, ఉడకపోస్తాంటుంది."