బావగారూ, స్మార్ట్ ప్లగ్గులూ

లేచి వెళ్లి స్విచ్చు వేయడమంటే మా బావగారికి పరువు తక్కువ. అందుకే ఇంట్లోని ప్రతి పరికరాన్నీ ఫోనుకు లోబడే స్మార్ట్ ప్లగ్గులకు తగిలించారు. సోమరితనం కోసం మానవుడు పడినంత శ్రమ మరి దేనికోసమూ పడలేదని నా చిరకాల అభిప్రాయం.

ఒక మధ్యాహ్నం అక్క కుట్టుమిషను కదలలేదు. సాయంత్రానికి కోటు అప్పగించకపోతే, ఆమెకు కొత్తగా దొరికిన దుకాణం పని చేజారిపోతుంది. బావగారు యాప్ తీసేసి మళ్లీ ఎక్కించారు, ప్లగ్గును రీసెట్ చేశారు, చివరకు బతిమాలారు కూడా.

"ఏవండీ, రౌటర్‌లో దీపమే వెలగట్లేదు," అంది అక్క.

"కరెంటు ఆదా అని పొద్దున నేనే దాని ప్లగ్గు ఆపాను. ఉండు, ఫోన్‌తో వేసేస్తా."

"రౌటర్ లేందే మీ ఫోను మాట ఏ ప్లగ్గూ వినదుగా! కూర్చున్న కొమ్మను నరుక్కుని గొడ్డలిని తిడతారేం? నేను మిషను నేరుగా గోడ సాకెట్‌కే పెట్టేసుకుంటా."

"వద్దే! సిస్టమ్ అంతా చెడిపోతుంది!"

అక్క వినలేదు. బావగారు ఫోనుతో కుస్తీపట్టి, విసిగి, ఎట్టకేలకు కుర్చీలోంచి లేచి వెళ్లి రౌటరు ప్లగ్గు మీది బొత్తాన్ని స్వహస్తాలతో నొక్కారు.

"వచ్చేసిందే! ఇక కుట్టడం మొదలుపెట్టు!" అని విజయోత్సాహంతో కేకవేశారు.

అక్క అప్పటికి గుమ్మంలో నిలబడి, దుకాణదారు చేతికి కోటు అందిస్తోంది.