తాడు కోయనివ్వని చాచా

మా కింది అంతస్తు చాచా పోయారని శుక్రవారం పొద్దున ఆయనతో గదిలో ఉండే మనిషి వచ్చి చెప్పాడు. గుండె పట్టుకుని కూర్చున్నారట, ఆసుపత్రికి చేరేలోపే అయిపోయిందట. పెనం మీద దోసె ఉంది. పొయ్యి కట్టేసి అక్కడే నిలబడిపోయాను. ఇఖామా, అంటే ఇక్కడ ఉండేందుకిచ్చే పర్మిట్, రద్దు చేయించుకుని, ఇక కువైట్ మొహం చూడనని, ఆ నెలాఖరుకు రాయచోటి వెళ్లిపోవాల్సిన మనిషి.

విజయవాడ నుంచి అబూ హలీఫాకు కాపురం వచ్చిన కొత్తలో, ఈ బిల్డింగ్‌లో ఇంకెవరికీ తెలుగు రాదనే ధైర్యం మాకు ఉండేది. ఒకరోజు లిఫ్టులో మా ఆయనతో పోట్లాడుతుంటే మూల నుంచి ఒక గొంతు, "రోంత మెల్లగ కొట్లాడుకోండమ్మా, నాకు తెలుగొచ్చు" అంది. అదే మా పరిచయం.

చాచా మిష్రిఫ్‌లో ఒక కువైటీ ఇంటి డ్రైవరు. అది ఉద్యోగం. సెలవుకు ఊరెళ్లే వాళ్ల అట్టపెట్టెలు కట్టడం మాత్రం ఆయనకు పిచ్చి. పిలవకపోయినా వచ్చేవారు, చంకలో నీలం నైలాను తాడు, చెవి మీద మార్కర్ పెన్ను. టీ తాగి, మనం సర్దినదంతా బయటికి లాగేవారు.

"ఈ సబ్బులు మీ బెజవాడలో దొరకవామ్మా?"

"దొరుకుతాయి చాచా. కువైట్ సబ్బులైతేనే మా అత్తగారి కంటికి ఆనుతాయి."

"అట్లయితే పెట్టు. అత్తతో మనకెందుకు."

ఆయనకు రెండు పట్టింపులు. లోపలున్న ప్రతి వస్తువూ తన కళ్లతో చూడనిదే తాడు పట్టుకునేవారు కాదు. ఎవరో ఇచ్చిన పొట్లం విప్పి చూడకుండా తీసుకెళ్లి ఎయిర్‌పోర్టులో ఇరుక్కున్న మనిషిని ఆయన ఎరుగుదురు. రెండోది, ఆ తాడు కోయకూడదు. ముళ్లు విప్పి, చుట్ట చుట్టి, తిరుగు ప్రయాణంలో పచ్చళ్లూ కారప్పొడీ కట్టుకుని తేవాలి. ఒకసారి మా తమ్ముడు కత్తెరతో కోసిపారేశాడు. నేను తెచ్చిన ముక్కలు చూసి చాచా రెండు రోజులు నాతో మాట్లాడలేదు. "కట్టినోనికి ఓపిక ఉండాల, ఇప్పేటోళ్లకు ఉండద్దా?" అన్నారు మూడో రోజు. నాకు నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది.

పోవడానికి ముందు వారమే తన పెట్టె కట్టుకున్నారు. నన్ను కిందికి పిలిచారు.

"నువ్వు చూడుమ్మా. చూస్తేనే కడతా."

"మీ పెట్టెకు కూడా నేను చూడాలా?"

"అందరికీ ఒకటే లెక్క."

చూశాను. గులాబీల దుప్పటి, ఖర్జూరం, పాలపొడి, కాగితాల్లో చుట్టిన చిన్న టీ గ్లాసులు. "మా ఇంటామెకు ఇట్లాటి గ్లాసుల్లో తాగాలని ఆశ. ఎన్నిసార్లు పొయినా పగుల్తాయని తీసకపోలేదు. ఇప్పుడు ఖలాస్ గదా, ఇద్దరం కూచోని తాగుతాం" అన్నారు. తాడు బిగించి, తన పేరూ ఊరూ రాసుకున్నారు.

రాయచోటిలో ఇంటివాళ్లు ఫోనులోనే ఒప్పుకోవడంతో చాచాను ఇక్కడే మట్టి చేశారు. పెట్టె మాత్రం గదిలో గోడవారగా ఉండిపోయింది. ఎవరు తీసుకెళ్తారని అడిగితే అందరూ జంకారు. లోపలేముందో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. మరుసటి నెల సెలవుకు వెళ్తూ నేనే తీసుకెళ్లాను. ఎయిర్‌పోర్టులో బరువెక్కువైందంటే మా అత్తగారి సబ్బులు తీసి మా ఆయన చేతిలో పెట్టాను గానీ, ఆ పెట్టె జోలికి ఎవర్నీ పోనివ్వలేదు. నా బెంగంతా ఆ గ్లాసుల మీదే. అవి పగిలిపోతే ఆమె ముందు ఏ మొహం పెట్టుకుని నిలబడాలి?

విజయవాడ కంటే ముందు రాయచోటి వెళ్లాను. భర్త పోయాక గడప దాటకుండా పాటించే ఇద్దత్‌లో ఉన్న చాచీ లోపలి గదిలో చాప మీద కూర్చుని ఉంది. పెట్టె ఆమె ముందు దించాను. పెద్ద కూతురు వంటింట్లోంచి చాకు తెచ్చింది.

"వద్దు, కోయద్దు," అంది చాచీ. "తాడు మీ నాయనకు మళ్లా కావాల."

తానేమన్నదో ఆమెకు అప్పుడే తెలిసినట్టుంది. అయినా పెట్టెను దగ్గరికి లాక్కుంది. గోళ్లతో ఒక్కో ముడీ వదులు చేసింది. దుప్పటి తీసి పక్కన పెట్టింది. కాగితాలు విప్పితే గ్లాసులన్నీ బాగానే ఉన్నాయి. నాకు ఏడుపాగలేదు. కూతురు వాటిలో టీ పోసి తెచ్చింది.

చాచీ తాగలేదు. నీలం తాడును అరచేతికీ మోచేతికీ మధ్య చుట్ట చుడుతూ కూర్చుంది. చుట్టడం అయిపోయాక ఎవరికివ్వాలో తెలియక ఒళ్లో పెట్టుకుంది.