వెనక్కి చూసిన గార్డ్

అతను పడిపోయినప్పుడు చుట్టుపక్కల ఎవరూ లేరు. అది కళ్లారా చూశాను, తర్వాత వీడియోలో చూశాను, ఇప్పటికీ కూర తరుగుతూ తరుగుతూ చూస్తుంటాను. మూడో క్వార్టర్లో బంతి అందుకుని, ఒక్క అడుగు వెనక్కి వేసి ముందుకు ఉరకబోయాడు. ఉన్నచోటే కూలబడ్డాడు. కాలు పట్టుకోలేదు. తనని తన్నింది ఎవరా అని వెనక్కి తిరిగి చూశాడు. బెంచీ చివర టేపు చుట్టలు ఒళ్లో పెట్టుకుని నేను కూర్చున్నాను.

గుంటూరులో ఫిజియోథెరపీ చదివి, కెనడాలోని సస్కటూన్‌లో లైసెన్స్ పరీక్ష కోసం కిందామీదా పడుతూ, అక్కడి చిన్న బాస్కెట్‌బాల్ జట్టులో థెరపిస్ట్‌కి అసిస్టెంట్‌గా ఉండేదాన్ని. అతను అమెరికన్. గార్డ్, అంటే బంతిని నడిపించి ఆటను నడిపించేవాడు. పన్నెండేళ్లుగా సొంతదేశంలో ఒక్క సీజన్ కూడా ఆడలేదు. హంగరీ, ఫిలిప్పీన్స్, జార్జియా, ఇంకా నేను మ్యాపులో వెతుక్కోవాల్సిన ఊళ్లు. ఏ దేశాన్నైనా అక్కడి ఫ్లోరుతోనే గుర్తుపెట్టుకునేవాడు. ఒకచోట జారుతుందట, ఒకచోట చెక్క కింద ఉత్త కాంక్రీటేనట. మా దగ్గర ఈ సీజన్ నిలబడి పూర్తిచేస్తే యూరప్‌లో రెండేళ్ల కాంట్రాక్ట్ ఉంది. భార్యనీ కూతుర్నీ వెంట తీసుకెళ్లగలిగే కాంట్రాక్ట్ అతనికి అదే మొదటిది.

ఇలాంటి ఆటగాళ్లు నొప్పి అని చచ్చినా అనరు. జట్టులో అమెరికన్లు ఇంతమందే ఉండాలని రూలు. ఒకడు కుంటితే రెండ్రోజుల్లో ఆ చోట్లో ఇంకొకడు విమానం దిగుతాడు. ఇదేం మొండితనమని నాకు ఒళ్లు మండేది.

ఆ రోజు ఆట సాయంత్రం ఏడింటికి. అతను ఐదున్నరకే వచ్చి టేబుల్ మీద బోర్లా పడుకున్నాడు. పిక్కని మడమకి కలిపే లావుపాటి స్నాయువు మీద వేళ్లు పెట్టాను. వాచి ఉంది. పాదం కదిపితే వేళ్ల కింద ఇసుక రాసుకున్నట్టు కరకరమంది. చదువుకున్నదంతా ఒక్కసారి గుర్తొచ్చింది. ఈ కాలితో ఉరికితే అది తెగిపోవచ్చు.

"పిక్క పట్టేసిందని రాయి, చాలు, ఇంకేం రాయొద్దు," అన్నాడు. "ఇంకా నాలుగు ఆటలే. నొప్పి సంగతి నేను చూసుకుంటా."

చెప్పాలని నోరు తెరిచాను. మా ఇంట్లో బయటికి వెళ్లబోయేవాళ్లతో చెడుమాట అనకూడదు. పరీక్షకి బయలుదేరిన అన్నయ్యతో "ఫెయిలైతే?" అన్నందుకు చిన్నప్పుడు అమ్మమ్మ నా మూతి మీద ఒక్కటిచ్చింది. పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటారట, సందెవేళ మన నోట్లోంచి ఏది ఊడిపడితే దానికి సరే అనేస్తారట. సస్కటూన్ వేసవిలో తొమ్మిది దాటినా పొద్దు గూకదు, అక్కడ వాళ్ల డ్యూటీ ఏ వేళకో వాళ్లకే తెలియాలి. ఇదంతా చాదస్తమని నేనూ నవ్వేదాన్ని. కానీ ఆటకి వెళ్లబోతున్న మనిషితో "తెగుతుంది" అనే మాట నా నాలుక మీదకి రాలేదు. జాగ్రత్త అని మాత్రం అన్నాను. గట్టిగా టేపు చుట్టి, కోచ్‌కి ఇచ్చే ఫారంలో పిక్క పట్టేసింది, ఆడవచ్చు అని రాశాను.

ఆ ఆటలోనే తెగింది. మూడో రోజుకల్లా కొత్త గార్డ్ వచ్చాడు. పడిపోయినతని లాకరే వీడికిచ్చారు. ఈ కొత్తవాడి కాళ్లకి టేపు చుట్టేముందు మడమల వెనక రెండేసి సార్లు తడిమి చూసేదాన్ని.

"నువ్వేం జేస్తవ్ చెప్పు," అనేవాడు మా ఆయన. ఆయనది వరంగల్. "రాయొద్దని వాడే అన్నడు గద. రాస్తే వాడి జాబ్ పోతుండె."

ఆ మాట పట్టుకుని కొన్నాళ్లు నిద్రపోదామని చూశాను. సూపర్‌మార్కెట్ క్యూలో ముందున్నవాళ్లు ఎవరైనా ఊరికే వెనక్కి తిరిగినా నేను తల దించుకునేదాన్ని. ఆపరేషన్ అయ్యాక అతను వెళ్లిపోతున్నాడని తెలిసి, ముందురోజు మధ్యాహ్నం అతని అపార్ట్‌మెంట్‌కి వెళ్లాను. తప్పు చెప్పేసుకుంటే నా బరువు దిగుతుందనుకున్నాను. నా స్వార్థం నాది.

కట్టు కట్టిన కాలు కుర్చీ మీద చాపుకుని సూట్‌కేస్ సర్దుకుంటున్నాడు. కూర్చోకుండానే చెప్పేశాను.

"ఆ రోజు చెయ్యి పెట్టగానే నాకు తెలిసింది."

"ఏం తెలిసింది? నొప్పి ఉందనా?"

"తెగిపోవచ్చని."

చేతిలో చొక్కాని మడత పెట్టబోయి ఆగాడు. అరుస్తాడేమో అనుకున్నాను, అరిస్తే బాగుండేది.

"పన్నెండేళ్లూ నొప్పితోనే ఆడాను," అన్నాడు మెల్లగా. "ఇదీ అలాంటిదే అనుకున్నా. తెగుతుందని తెలిస్తే కూర్చునేవాణ్ని. ఈ కాంట్రాక్ట్ పోతే పోయేది, ఇంకెక్కడో ఆడుకునేవాణ్ని."

సారీ అన్నాను. అది అతనికి వినపడిందో లేదో తెలియదు.

"రాయొద్దని అన్నాను," అన్నాడు. "నాతో చెప్పొద్దని అనలేదు కదా."