గోనెపట్టా మీద మునక్కాడలు

కరోనా భయం తగ్గి, రోడ్ల మీద బండ్లు మళ్ళీ బారులు తీరిన ఏడాది అది. మా సాలూరులో అప్పుడు పని దొరకడం కాదు, పని తప్పించుకోవడమే కష్టంగా ఉండేది. లారీల ఊరు మాది. ఛాసీ ఒకటి వచ్చి ఆగిందంటే దానికి క్యాబిన్ కట్టేవాళ్ళు, బాడీ కట్టేవాళ్ళు, పూలూ చిలకలూ వేసే పెయింటర్లు అందరూ ఒక్క వీధిలోనే దొరుకుతారు. ఆ వీధిలో నేను బాడీ ఫిట్టర్‌ని. చెక్క, రేకు, వెల్డింగు నా చేతి పని. చేతికంటే నోరు చురుకని మా ఆవిడ అంటుంది. అందులో అబద్ధమేమీ లేదు.

సింహాచలం మావ మాకు చుట్టం కాదు, వీధి వరసంతే. సాలూరు నుంచి ఘాటీ ఎక్కి రాయపూర్, నాగపూర్, ఆపైన ఇంకా పైకి, జీవితమంతా లారీ తోలాడు. ఆయన తోలిన బండ్లలో కొన్నిటికి బాడీ కట్టింది మేమే. స్టీరింగ్ వదిలేసిన కొన్నాళ్ళకి ఎక్కడో పాత వ్యాను ఒకటి కొని, తెచ్చి మా షెడ్డు ముందు ఆపాడు. ఎప్పటిలాగే మెడకి తువ్వాలు చుట్టుకుని దిగాడు.

“ఒరే అల్లుడా, దీన్లో ఇల్లు కట్టాల్రా.”

“ఇల్లేటి మావా, అత్త గెంటేసిందేటి?”

“గెంటీడానికి నానెప్పుడు ఇంట్లో ఉన్నాను గనక! దాన్ని ఎంట తీస్కెల్దామని.”

కాంపర్ వ్యాన్ అంటారట దాన్ని. పడక, పొయ్యి, నీళ్ళు అన్నీ బండిలోనే. ఎక్కడ ఆపితే అక్కడే ఇల్లు. నేనెప్పుడూ కట్టలేదు. అంత హంగామా ఎందుకు, రైలెక్కించి తిప్పి తీసుకురావచ్చు కదా అన్నాను. అప్పుడు చెప్పాడు నర్మద సంగతి.

లారీ డ్రైవర్లు పెద్ద నది దాటేటప్పుడు నీళ్ళలోకి ఒక నాణెం విసిరి దండం పెట్టుకుంటారు. మావ నర్మద వంతెన మీద ప్రతిసారీ రెండు విసిరేవాడు. ఒకటి తన పేర, ఇంకొకటి పైడమ్మత్త పేర. తర్వాత ఫోన్ దొరికిన చోట ఆగి, “నీ పేర రూపాయి యేసినానే” అని చెప్పేవాడు. పైడమ్మత్త ఇటు విజయనగరం, అటు శ్రీకాకుళం తప్ప ఏ ఊరూ చూడని మనిషి. హోటలు తిండి ముట్టదు. బయటి నీళ్ళు తాగదు. ఆవిడ బయల్దేరాలంటే వంటిల్లు కూడా బయల్దేరాలి. ఎలాగైనా ఆ వంతెన మీద ఆవిడ రూపాయి ఆవిడ చేత్తోనే వేయించాలని మావ కోరిక. ఆ మాట విన్నాక నేను ఇంకేమీ అడగలేదు, కొలతలు తీశాను.

అన్నిట్లోకీ నన్ను ఏడిపించింది సింకు. సింకు కింద గొట్టానికి ఒక వంపు పెడతాం, ట్రాప్ అంటారు. ఆ వంపులో కాసిని నీళ్ళు నిలిచి, కిందినుంచి వాసన పైకి రాకుండా ఆపుతాయి. అక్కణ్ణుంచి హోసు, అంటే రబ్బరు గొట్టం, బండి అడుగున బిగించిన గ్రే వాటర్ ట్యాంకులోకి పోతుంది. గిన్నెలు కడిగిన నీళ్ళూ చేతులు కడిగిన నీళ్ళూ ఆ ట్యాంకులో చేరతాయి. తగిన చోట బండి ఆపి, వాల్వు తిప్పి వదిలేయాలి. వినడానికి ఇంతే. కానీ ఇంట్లో మురుగు గొట్టానికి దొరికే వాలు బండిలో దొరకదు, ఛాసీ అడ్డమొస్తుంది. ఒక చోట హోసుని దాదాపు పడుకోబెట్టాల్సి వచ్చింది. ఆ ఒక్కటి నాకు నచ్చలేదు. ఎవరికీ చెప్పలేదు కూడా.

ముందు ట్రయలుకని కళింగపట్నం బీచికి వెళ్ళారు ఇద్దరూ. సముద్రం ఒడ్డున కొన్నాళ్ళుండి వచ్చి, ఆ తర్వాత నర్మదకి బయల్దేరాలని వాళ్ళ లెక్క. తిరిగొచ్చిన రోజు పొద్దున్నే బండి మా షెడ్డు ముందుంది. పైడమ్మత్త నడుమ్మీద చెయ్యేసుకుని దిగింది.

“ఏరా అల్లుడా, లారీలు కట్టినంత సులువనుకున్నావేటి? సింకులో సుక్క నీరు దిగట్నేదు. ఒకటే కంపు! ఒడ్డున సేపలు ఎండబెట్టుకునేవోల్లు సైతం ముక్కు మూసుకున్నారు.”

షెడ్డంతా నవ్వింది. ఎండుచేపల మధ్య పుట్టి పెరిగినవాళ్ళు ముక్కు మూసుకున్నారంటే ఇక నా పని గురించి చెప్పేదేముంది? ఆ పడుకోబెట్టిన హోసే గుర్తొచ్చి నా మొహం మాడిపోయింది.

ముందు ప్లంజర్ పెట్టి నొక్కాను. కర్రకి రబ్బరు గిన్నె ఉంటుందే, అది. నీళ్ళు పైకి ఎగదన్నాయి గానీ కిందికి కదల్లేదు. యాసిడ్ పొయ్యమని పక్క షెడ్డువాడు ఉచిత సలహా ఇచ్చాడు. ఇంటి గొట్టానికైతే పోస్తారేమో, బండిలో హోసు రబ్బరు, ట్యాంకు ప్లాస్టిక్, సింకు పక్కనే పడక. ఆ పొగ పీల్చుకుంటూ పడుకునేది ఎవరు? విప్పడం ఒక్కటే దారి.

మావ మాత్రం నా చుట్టూనే తిరుగుతున్నాడు. “ఇప్పకురా. వేన్నీల్లు పోస్తే అదే పోతాది” అన్నాడొకసారి. కాసేపాగి, “గొట్టంలో తిప్పీ ఆ స్ప్రింగు తీగ నాకిచ్చి నువ్వు టీ తాగి రా, నాను సూసుకుంటాను” అన్నాడు. గొంతు బొంగురుగా ఉంది. నా పని చెడిందని ఈయనకి తెలిసిపోయింది, పదిమందిలో నా పరువు కాపాడాలని చూస్తున్నాడు అనుకున్నాను. జాలిపడితే నాకు తిట్టినదానికంటే ఎక్కువ మంట. “నువ్వు తప్పుకో మావా” అని సింకు కిందికి దూరాను.

కింద బకెట్టు పెట్టి, ట్రాప్ దగ్గర క్లిప్పు వదులు చేశాను. గుప్పున పులిసిన తరవాణి వాసన కొట్టింది. తర్వాత అన్నం దిగింది. గిన్నెలు కడిగితే పోయే నాలుగు మెతుకులు కావవి. కంచాలకి కంచాలు, పప్పూ పులుసూ కలిపిన అన్నం, ఉబ్బి ముద్దకట్టి బకెట్టులో పడింది. ఆఖర్న వంపులో అడ్డంగా ఇరుక్కున్న మునక్కాడ ముక్కలు. అవి అడ్డుపడితే వాటి మీద అన్నం పేరుకుంది. పడుకోబెట్టిన హోసు కూడా విప్పి చూశాను. శుభ్రంగా ఉంది! నా తప్పు లేదు. ఆ సంతోషం ఇప్పటికీ గుర్తుంది, గుర్తొచ్చినప్పుడల్లా సిగ్గేస్తుంది.

మా నాన్న నేర్పిన పద్ధతి ఒకటుంది. బండిలోంచి ఏది తీసినా పారెయ్యకూడదు. గోనెపట్టా పరిచి, దాని మీద పెట్టి, ఓనరుకి చూపించాలి. అరిగిన బేరింగు కానీ, చిట్లిన బోల్టు కానీ, కళ్ళతో చూస్తే ఓనరు నమ్ముతాడు, మనకి మాట రాదు. ఇన్నేళ్ళూ అలాగే చేశాను. ఆ రోజూ పట్టా పరిచి బకెట్టు బోర్లించాను.

మావ నా పక్కన గొంతుక్కూచున్నాడు. చాలా నెమ్మదిగా అన్నాడు. “దానికి సూపించకురా. పారబొయ్యి. నీకు దండం ఎడతాను.”

నేను నవ్వాను. లారీ తోలినవాడికి పెళ్ళామంటే ఇంత భయమా అని నవ్వాను. “సెడగొట్టింది నువ్వు, మాట పడింది నానా మావా?” అని, షెడ్డంతా వినబడేలా కేకేశాను. “అత్తా! ఇలా రా! నా పనితనం కాదు, మీ ఇంటి బోజనం సూడు!”

ఆవిడ నాతో దెబ్బలాటకి సిద్ధపడే వచ్చింది. “ఏటిరా ఇంతన్నం? నానేటి సింకుకి వండి పెట్టానేటి?” అని వంగి, మునక్కాడ ముక్క ఒకటి తీసి చీరకొంగుకి తుడిచి చూసింది. తిన్న మునక్కాడ ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు, చీలిపోయి పీచు మిగులుతుంది. ఇది కోసింది కోసినట్టే ఉంది. ఇంకో ముక్క తీసింది. ఇంకోటి. అన్నీ అంతే. ఒక్కదానికీ పన్ను తగల్లేదు. మావకి మునక్కాడంటే ప్రాణమని వీధి వీధంతా ఎరుగును.

ఆవిడ గొంతులో దెబ్బలాట పోయింది.

“ఎన్నాల్ల నుంచి?”

మావ తువ్వాలు సర్దుకున్నాడు.

“ఎన్నాల్ల నుంచి తినట్నేదో సెప్పు.”

“గంజి తాగతన్నానే. టీ తాగతన్నాను. ముద్దే… గొంతులో అడ్డం పడతన్నాది.”

నేను అక్కడే ఉన్నాను, చేతులకి ఆ అన్నమంతా అంటుకుని. ఇంట్లో ఉన్నన్నాళ్ళూ మావ కంచం పట్టుకుని పెరట్లోకి పోయేవాడట. అక్కడ కుక్క ఉండేది. బండిలో దాచడానికి చోటెక్కడిది? ఒడ్డు మీద పారబోస్తే ఆవిడ కంట పడుతుంది. అందుకని, “నువ్వు సముద్రంలో కాల్లు తడుపుకుని రాయే, నాను తింతాను” అని పంపేవాడట. ఆవిడ మురిసిపోతూ వెళ్ళేది. ఆవిడ అటు వెళ్ళగానే ఈయన సింకు జాలీ ఎత్తి, కలిపిన అన్నాన్ని వేలితో కిందికి తోసేవాడు.

“ముందే సెప్తే ఆస్పత్రంటావు, బండెక్కవు” అన్నాడు మావ. “నర్మద సూసొచ్చీసినాక సెప్దామనుకున్నానే.”

పైడమ్మత్త ఏడవలేదు. పట్టా నాలుగు మూలలూ దగ్గరికి లాగి మూటకట్టింది. “బండి ఇక్కడే ఉంటాదిరా” అని నాతో అని, ఆయన రెక్క పట్టుకుని ఆటో ఎక్కించింది. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. ఆ రోజు వేరొకరి కడుపు చించింది నేను.

విశాఖపట్నం ఆసుపత్రిలో గొంతులో కేన్సరన్నారు, ముదిరిపోయిందన్నారు. ముక్కులోంచి గొట్టం వేసి, దాని గుండా పాలూ జావా పోసేవారు. చూడ్డానికి వెళ్ళాను. గొట్టాలు బిగించడం, విప్పడం నా పనే, అయినా ఆ గొట్టం వైపు చూడలేకపోయాను. మావ నన్ను దగ్గరికి రమ్మని సైగ చేశాడు. మాట గుసగుసలా వచ్చింది.

“నా నర్మద మింగీసినావురా అల్లుడా.”

నవ్వుతూనే అన్నాడు. తిట్టినా బాగుండేదని ఆ క్షణం అనిపించింది. ఆ మంచం మీదినుంచి ఆయన మళ్ళీ బండి దాకా రాలేదు.

ఎన్నిసార్లు ఆలోచించానో లెక్కలేదు. నేను నోరు మూసుకుని ఉంటే, భాష రాని ఊళ్ళో, నడిరోడ్డు మీద, ఆ ముసలమ్మ ఒంటరిగా మిగిలిపోయేదేమో. లేదా వంతెన మీద ఇద్దరూ పక్కపక్కన నిలబడి చెరో రూపాయి విసిరి, అప్పుడు ఆయన తన నోటితోనే ఆ మాట చెప్పేవాడేమో. ఏది జరిగేదో నాకు తెలీదు. ఎలా చెప్పాలో, ఎప్పుడు చెప్పాలో ఎంచుకునే హక్కు ఆయనది. నా పనితనానికి మచ్చ రాకూడదని నేను దాన్ని లాగేసుకున్నాను. అది మాత్రం తెలుసు. ఇప్పుడు నేను పట్టా పరచడానికి ముందు అడుగుతాను, “తీసింది చూస్తారా, పారబొయ్యనా?” అని. పారబొయ్యమనేవాళ్ళే ఎక్కువ. ఎందుకని అడగను.

బండి అమ్మేస్తానని పైడమ్మత్త కబురు పెట్టింది. బేరం కుదిరాక, అప్పజెప్పే రోజు తనే వచ్చి బండెక్కింది. చెంబుతో సింకులో నీళ్ళు పోసి, వంగి చెవి పెట్టి వింది. గడగడా దిగిపోయాయి.

“బాగా సేసినావురా” అంది.

ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది. “అత్తా, ఆ రోజు నాను పిలవకుండా ఉండాల్సింది” అన్నాను.

“నువ్వు సెప్పకపోతే నాను తిట్టీదాన్ని, సెప్పావని ఆయన నిస్టూరమాడినాడు. ఎవలో ఒకలు తిట్టీవోలేరా నిన్ను. దానికేటి.”

స్టీరింగ్ పక్కన చిన్న అరలో రెండు రూపాయి నాణేలున్నాయి. ప్రయాణానికని మావ ముందే పెట్టుకున్నవి. తీసి ఆవిడ చేతిలో పెట్టాను. మా వీధి నుంచి నర్మద దాటే బండ్లు ఉండనే ఉంటాయి, తెలిసిన డ్రైవరు చేతికి ఇస్తాను, నీ పేర ఒకటి, మావ పేర ఒకటి వేసేస్తాడు అన్నాను.

ఆవిడ నాణేలు రెండూ కొంగున ముడేసుకుంది.

“వద్దురా” అంది. “నా పేర యేసేవోడు ఎల్లిపోనాడు.”