నేపాల్‌లో పామర్రు నూర్పిడి

పటమట నుంచి ట్రాన్సిస్టరుతో సహా సామానంతా కట్టుకుని, మోటార్ సైకిల్ మీద నేపాల్ దాకా వచ్చాం. దారి పొడుగునా మా ఆయన అడక్కుండానే అందరికీ సాయం చేస్తున్నారు. ఈ రోజు ఒక పల్లెలో రోడ్డు మీద వరిగడ్డి పరిచి ఉంది.

"మన పామర్రులో లాగే నూర్పిడికి వేశారే! బళ్ళు తొక్కితేనేగా గింజ రాలేది. పాపం, ఇక్కడ బళ్ళు తక్కువ" అంటూ ఆయన బండిని దాని మీద అటూ ఇటూ తిప్పి మరీ తొక్కించారు.

ఇంతలో ఒక ముసలావిడ కర్రతో పరుగెత్తుకొచ్చింది.

"ఏమండీ, ఆవిడ మెచ్చుకోవడానికి వస్తున్నట్టు లేదండీ" అన్నాను.

గింజ ఎప్పుడో రాల్చేశారట. అది ఇంటికప్పు కోసం ఆరబెట్టుకున్న గడ్డి అని ఒక లారీ డ్రైవరు హిందీలో చెప్పాడు. ఇద్దరం కూర్చుని విరగని గడ్డి ఏరి కట్టలు కట్టాం. ఆవిడ కర్ర పక్కన పెట్టి టీ ఇచ్చింది.

సాయంత్రం ఇంకో ఊళ్ళోనూ రోడ్డంతా గడ్డే. ఈసారి ఆయన బుద్ధిగా దిగి, బండిని పక్కనున్న బురదలోంచి తోసుకెళ్ళారు. రైతులు ఒకటే కేకలు, మీదనుంచే పోనివ్వమని! అది నిజంగానే నూర్పిడి.

ఇప్పుడు ప్యాంటు ఉతుక్కుంటూ, నేను నవ్వానని అలిగారు. నవ్వకుండా మీలో ఎవరుండగలరో చెప్పండి.