యొర్దాను వెడల్పు

మొన్న కూరగాయలకని బయలుదేరి, ఎండకు తాళలేక ఆర్టీసీ కాంప్లెక్సు దగ్గర నీడన ఆగినప్పుడు, ఎదురుగోడ మీద కొత్తగా కట్టిన ఫ్లెక్సీ ఒకటి నా కంటబడింది. పవిత్ర దేశ యాత్ర, పది రోజులు, ఏసీ బస్సు, అచ్చ తెలుగు భోజనం అని పెద్ద అక్షరాలతో రాసి, ఒక మూల కోటు తొడుక్కున్న పాస్టరుగారి ఫోటో వేసి, వెనకాల అవతలి ఒడ్డు కనిపించనంత పెద్ద నది బొమ్మ పెట్టి, దానికి యొర్దాను అని పేరు తగిలించారు. ఏ దేశపు నది బొమ్మో తెచ్చి అతికించేసి ఉంటారు. అది చూడగానే నాకు నవ్వూ కోపమూ రెండూ వచ్చాయి. అంత ఉండదయ్యా అని పైకే అనేశాను. పక్కనున్న పుచ్చకాయలబ్బాయి నా వంక అదోలా చూశాడు గాని, ఈ వయసులో గోడలతో మాట్లాడితే మాట్లాడాను, తప్పేముంది.

ఆ నది వెడల్పు గురించి నాకింత పట్టింపు ఎందుకో చెప్పాలంటే ముందు మా అత్తగారి గురించి చెప్పాలి. ఆవిడ బైబిలు స్త్రీ. ఆ ఉద్యోగం పేరే ఇప్పటి పిల్లలకు తెలియదు. తెల్ల చీర, నల్ల గొడుగు, గుడ్డసంచిలో బైబిలూ పాటల పుస్తకమూ, కాళ్ళకు అరిగిన చెప్పులు, ఇంతే ఆవిడ సామాను. నర్సీపట్నం మిషను కాంపౌండులో బయలుదేరి రోలుగుంట వైపూ మాకవరపాలెం వైపూ ఊరూరా తిరిగి, చదువురాని ఆడవాళ్ళకు వాక్యం చదివి వినిపించడం, జబ్బుగా ఉన్నవాళ్ళ దగ్గర కూర్చుని ప్రార్థన చేయడం, ఇక లేవరనుకున్న వాళ్ళ మంచం పక్కన ఆఖరు వరకూ ఉండడం ఆవిడ పని. చనిపోవడాన్ని మా సంఘంలో యొర్దాను దాటడం అంటారు. కనుక పోయేవాళ్ళు ఆవిడనే అడిగేవారు, ఆ నది ఎంత ఉంటుందని. ఆవిడ జీవితంలో చూసిన పెద్ద నది ఒక్కటే, ఎప్పుడో రైల్లో పోతూ రాజమండ్రి వంతెన మీంచి చూసిన వరద గోదావరి. గోదారంత ఉంటాది, అవతలి గట్టు కనబడదు, అయినా ప్రభువు సెయ్యి పట్టుకుంటాడు అని అందరికీ అదే చెప్పేవారు. నలభై ఏళ్ళు అలాగే చెప్పారు, ఎవరూ కాదనలేదు.

మా మామగారు మిషను ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసి రిటైరయ్యారు. చుట్టుపక్కల సగం మందికి సూది పొడిచిన చెయ్యి ఆయనది, దేనికీ జంకని మనిషి, కాని నీళ్ళంటే మాత్రం చచ్చేంత భయం. కాలవలో మోకాలి లోతు దిగడానికి కూడా పక్కన మనిషి ఉండాలి. పంతొమ్మిది వందల తొంభైల్లో ఆయన మంచాన పడ్డప్పుడు, ఒక సాయంత్రం నేను బార్లీ నీళ్ళు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉండగా ఆయన అత్తగారిని మెల్లగా అడిగారు, ఎడల్పెంతుంటాదే అని. ఆవిడ అలవాటు చొప్పున, గోదారంతుంటాది, భయపడకండి అన్నారు. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నారు. మూడో రోజున పోయారు. ఆ మూడు రోజులూ ఆయన కళ్ళలో భయం నేనూ చూశాను, ఆవిడా చూశారు. హైస్కూల్లో పిల్లలకు సోషలు చెప్పేదాన్ని, ఆసియా పటం తగిలించి బెత్తంతో దేశాలు చూపించేదాన్ని, ఆ నది ఎంతుంటుందో నాకూ తెలియదు. పటంలో నదులన్నీ ఒకే దారంలా కనబడతాయి మరి.

ఆ తర్వాత పదేళ్ళకో ఏమో, మా సంఘం నుంచి నలభై మంది పవిత్ర దేశాలకు బయలుదేరుతుంటే అత్తగారు తానూ వస్తానన్నారు. డెబ్భై అయిదు దాటిన మనిషి. మా వారికి సెలవు దొరక్క ఆ బాధ్యత నా నెత్తిన పడింది. సంతోషంగా వెళ్ళానని అబద్ధం చెప్పను. అప్పటికి మా ఇద్దరికీ అంత పొసగేది కాదు, ఆవిడ ప్రార్థనలు ఆవిడవి, నా విసుగు నాది. విమానంలో బెల్టు పెడుతుంటే ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు.

"మరేటీ సూడకపోయినా పరవానేదమ్మీ. ఆ నదొక్కటి సూసీయాలి. నాను ఆయనకి సెప్పింది నిజమో కాదో తెల్సుకోవాలి."

నది చూసే రోజు పొద్దున్నే అమ్మాను పట్నం నుంచి బస్సు బయలుదేరింది. అబ్బ, ఆ బస్సు. నేల నుంచి పైదాకా అద్దాలే. వంటమనిషి కట్టిచ్చిన పులిహోర పొట్లాలు ఒళ్ళో పెట్టుకుని, పాస్టరుగారు మైకులో పాట ఎత్తుకుంటే అందరం అందుకుని, నోళ్ళు తెరుచుకుని బయటికి చూడడమే పని. చెట్టన్నది లేని కొండలు, రొట్టె రంగు కొండలు, వాటి మీద గొర్రెలు, నల్ల గుడారాలు, ఇవన్నీ చిన్నప్పటినుంచి ఆదివారం బడిలో బొమ్మల్లో చూసినవే, నిజంగా ఉంటాయని మాత్రం నేను లోలోపల ఎన్నడూ నమ్మలేదేమో, ఆ వేళ వాటిని చూస్తుంటే ఒళ్ళు గగుర్పొడిచింది. ఒక పాత చర్చిలో నేలమీద రంగు రంగుల చిన్న రాళ్ళతో ఆ దేశాల పటమే పరిచి ఉంది, వందల ఏళ్ళ కిందటిది. అందులో నదిలో చేపలు కూడా ఉన్నాయి, ఉప్పు సముద్రం దగ్గరికి వచ్చిన చేప ఒకటి బతకలేనని వెనక్కి తిరిగిపోతోంది. ఇరవై ఏళ్ళు పటాలు చూపించి బతికిన నేను ఆ చేపను చూసి కదల్లేకపోయాను. ఎవడో పనివాడు దాని భయం కూడా రాళ్ళతో పేర్చాడు.

తర్వాత మోషే నిలబడి వాగ్దాన దేశాన్ని చూసిన కొండ ఎక్కించారు. గాలి ఎత్తుకుపోయేలా ఉంది. కింద లోయ అంతా పొగమంచులా మసక, గైడు వేలు పెట్టి చూపిస్తే దూరంగా పచ్చని గీత ఒకటి కనబడింది, ఆ పచ్చదనంలోనే నది ఉందన్నాడు. శుక్లాలు తీయించుకున్న మా అత్తగారి కళ్ళకు అది ఆనలేదు. ఏదమ్మీ, ఏదమ్మీ అని అడుగుతూనే ఉన్నారు.

ఇక్కడ నా తప్పు ఒప్పుకోవాలి. కొండ దిగాక భోజనమై, రాళ్ళ పటాలూ పళ్ళేలూ అమ్మే పెద్ద దుకాణం ముందు బస్సు ఆపారు. పావుగంట అన్నారు. హాల్లో షోకేసులో పెట్టడానికి చేప బొమ్మ పళ్ళెం కావాలని నేను మొదలుపెట్టాను. ఇది కాదు అది, ఆ నీలం కాదు ఈ నీలం, నన్ను చూసి దిగకుండా ఉన్నవాళ్ళు కూడా దిగారు, బేరాలు పెరిగాయి, డ్రైవరు హారను కొట్టాడు, ఎవరికి పట్టింది. గంట దాటాక పళ్ళెం పొట్లం పట్టుకుని బస్సెక్కేసరికి, ఆవిడ ఒక్కరే సీటులో సంచి ఒళ్ళో పెట్టుకుని వాకిలి వైపు చూస్తూ కూర్చున్నారు. జరిగి నాకు చోటిచ్చారు. తిట్టినా బాగుండేది. అప్పుడు గైడు మైకు తీసుకుని, నది దగ్గరికి అక్కడివాళ్ళ చిన్న వ్యాన్లలోనే పోవాలనీ, నాలుగు దాటితే అవి ఉండవనీ చెప్పాడు. మా జాబితాలో నది ఆ ఒక్క పూటే ఉంది. మర్నాటినుంచి మా దారి వేరు.

దారి పొడవునా నేను గడియారం చూసుకోవడమే గాని కిటికీ చూడలేదు. మేం చేరేసరికి గేటు దగ్గర మనిషి గొలుసు వేస్తున్నాడు. గైడు అరబ్బీలో ఏదో బతిమాలాడు, పాస్టరుగారు చేతులు జోడించారు, అతను తల అడ్డంగా ఊపాడు. హెడ్మాస్టరు ముందు కూడా తల వంచనిదాన్ని, నాకేమైందో, దిగి పోయి అతని ముందు నిలబడి, బస్సు మెట్టు మీద నిలబడ్డ మా అత్తగారిని చూపించి, నా బడి ఇంగ్లీషులో, ఈవిడ భర్త చనిపోయాడు, ఈవిడ నది చూడాలి, ఆలస్యం నా వల్ల అయింది, నన్ను పంపకపోయినా సరే అని చెప్పాను. చెబుతుండగానే ఏడుపొచ్చేసింది. అతను ఆవిడను కాసేపు చూసి, ఫోనులో ఎవరినో పిలిచాడు. ఒక్క వ్యాను వచ్చింది. పెద్దవాళ్ళను పదిమందినీ పాస్టరుగారినీ ఎక్కించి, ఆవిడకు తోడని నన్నూ ఎక్కించాడు.

వ్యాను దిగి పొదల మధ్య బాటలో నడిచాం. చెక్కమెట్ల దగ్గరికి వచ్చేసరికి కింద మట్టిరంగు నీళ్ళు, రెల్లు, మెల్లగా కదులుతున్నాయి.

"ఈ కాలవ దాటాలేటి? నదింకెంత దూరం?" అన్నారు ఆవిడ.

"ఇదే నది అత్తయ్యా."

ఆవిడ నమ్మలేదు. పాస్టరుగారి వంక చూశారు. ఆయన తలూపారు. మా వీధిలో ఈ అరుగు మీంచి ఆ అరుగుకు ఎంతో, అంతకంటే కాస్త ఎక్కువ, అంతే. అవతలి గట్టున తెల్ల గౌనులు వేసుకున్న వాళ్ళు ఓ పదిమంది, ఏ దేశం వాళ్ళో, నీళ్ళలో మునిగి లేచి పాడుకుంటున్నారు. ఒకావిడ తడి జడ పిండుకుంటుంటే నీళ్ళు కారడం కనబడుతోంది. ఒకాయన దగ్గితే మాకు వినబడింది. అది వేరే దేశం. ఇటు ఒక సిపాయి, అటు ఒక సిపాయి. ఎవరూ దాటకూడదు. అయినా మొహాలు మొహాలు కనబడేంత దగ్గర.

నలభై ఏళ్ళు ఎన్ని మంచాల పక్కన ఏం చెప్పారో అదంతా తప్పని ఆవిడకు తెలిసిపోయింది, ఈ దూరదేశంలో ఈ మనిషిని ఎలా ఓదార్చను అని భయపడ్డాను. ఆవిడ మెట్టు మీద చతికిలబడి, చాలాసేపు అవతలి గట్టునే చూశారు. తర్వాత నీళ్ళలో చెయ్యి పెట్టి, అలాగే ఉంచారు.

"ఇంతేనేటి," అన్నారు. "ఇంతేనమ్మీ. ఆయన్ని నానే బెదిరించి పంపించీసేను." అని ఏడ్చారు, చిన్నపిల్లలా పెద్దగా ఏడ్చారు. నేను పక్కన కూర్చుని వీపు మీద చెయ్యి వేశాను. పెళ్ళయి అన్నేళ్ళకు నా అంతట నేను ఆవిడను ముట్టుకున్నది అదే మొదటిసారి అనుకుంటాను. ఏడుపు తగ్గాక కొంగుతో మొహం తుడుచుకుని మళ్ళీ చూశారు, ఈసారి ఆ చూపు వేరుగా ఉంది. "అయితే ఆయన దూరం పోనేదే. పిలిస్తే ఇనబడే దూరంలోనే ఉన్నాడు." అని, నవ్వారు కూడా. ఆ నీళ్ళ దగ్గర, ఆ సాయంత్రపు ఎండలో, ఆవిడ పక్కనే నేనూ నీళ్ళలో చెయ్యి పెట్టాను. ఆకాశమంత గుడి చూసినా, పిరమిడ్లు చూసినా ఆ యాత్రలో మరెక్కడా నాకు అలా చెయ్యి చాచాలనిపించలేదు.

తిరిగి వచ్చిన వారం నుంచే ఆవిడ షేర్ ఆటో ఎక్కి ఊళ్ళు తిరగడం మొదలుపెట్టారు. ఎవరి మంచం పక్కన కూర్చున్నారో, ఆ ఇళ్ళన్నిటికీ వెళ్ళి, నాను తప్పు సెప్పేను, అది సిన్న నది, అవతలోళ్ళ మొకం కనబడతాది అని ఉన్నవాళ్ళకు చెప్పి వచ్చారు. సెలవు రోజుల్లో నేనూ వెంట వెళ్ళాను. పోయినవాళ్ళ కూతుళ్ళు, కోడళ్ళు వింటూ కళ్ళు తుడుచుకునేవారు. నాలుగేళ్ళ తర్వాత ఆవిడ వంతు వచ్చినప్పుడు మా ముందుగదిలోనే, మా అందరి మధ్యా, బెదురన్నది లేకుండా వెళ్ళిపోయారు.

ఇప్పుడు మా ఊళ్ళో ఆ యాత్రకు వెళ్ళిరానివాళ్ళే తక్కువ. వెళ్ళకపోయినా ఫోనులో నొక్కితే నది కనబడుతుంది. బైబిలు స్త్రీలు మాత్రం లేరు, ఇళ్ళల్లో పోయేవాళ్ళూ లేరు. కిందటేడు మా వారికి జబ్బు చేస్తే విశాఖపట్నం తీసుకెళ్ళాం, పెద్ద ఆసుపత్రి, ఐసీయూ, అద్దం అవతల ఆయన. ఆయనా వాళ్ళ నాన్నగారి లాగే నీళ్ళంటే భయపడే మనిషి. నాకు ఆ నది వెడల్పు తెలుసు, నా కళ్ళతో చూసి వచ్చాను, ఆ ఒక్క మాట చెప్పి వస్తానని గుమ్మంలో ఉన్న నర్సమ్మాయిని అడిగాను. చూసే వేళ అయిపోయిందండీ, రేపు పొద్దున్న రండి అంది. పొద్దున్నకు ఆయన లేరు.